అక్టోబరులో అమ్మానాన్నలతో రైలు ప్రయాణం: వియన్నా, సాల్జ్‌బర్గ్ చాలు

ప్రశ్న: నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అక్టోబరులో మా అమ్మానాన్నలు విశాఖపట్నం నుంచి మొదటిసారి ఇక్కడికి వస్తున్నారు. నాకు ఆరు రోజులు సెలవు దొరుకుతుంది. నాకు ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు లేదు కాబట్టి తిరగడమంతా రైళ్లు, ట్రాములు, బస్సుల్లోనే. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, ప్రాగ్, వియన్నా, వెనిస్ అనుకున్నాను. వీటిలో ఎన్నింటిని కలిపి చూడవచ్చు? నాన్న వాల్తేరు డివిజన్‌లో గార్డుగా చేసి రిటైరయ్యారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కడం కష్టం. ఇద్దరూ శాకాహారులు. నా దగ్గరున్న డాయిచ్‌లాండ్ టికెట్‌తో (నెలవారీ రైలు, బస్సు పాసు) ఖర్చు తగ్గించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఫ్రాంక్‌ఫర్ట్

సమాధానం: మీరు రాసిన ఐదు నగరాల్లో ఈసారికి వియన్నా ఒక్కటే ఉంచుకోండి. దానికి మీ జాబితాలో లేని, అదే ఆస్ట్రియాలో ఉన్న సాల్జ్‌బర్గ్‌ను చేర్చుకోండి. వియన్నాలో మూడు రాత్రులు, తిరుగు దారిలో సాల్జ్‌బర్గ్‌లో రెండు రాత్రులు ఉంటే మీ ఆరు రోజులూ నిండుతాయి. అమ్మగారి మోకాళ్లు, నాన్నగారి ఉద్యోగ జీవితం, అక్టోబరు పగటి వెలుతురు, ఈ మూడింటినీ ఎదురుగా పెట్టుకుని ఆలోచించాకే ఈ మాట చెబుతున్నాను.

ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నాలుగు గంటల ప్రయాణం అని టైంటేబుల్‌లో చూసి, మిగిలిన రోజంతా చేతిలో ఉంటుందని చాలామంది లెక్క వేస్తారు. పొద్దున్నే సామాను సర్ది గది ఖాళీ చేయడం, స్టేషన్‌కు చేరడం, రైలు కోసం ఆగడం, కొత్త ఊళ్లో దిగి హోటల్ వెతుక్కోవడం, మధ్యాహ్నం మూడింటి దాకా గది ఇవ్వకపోతే సామానుతో కాలక్షేపం చేయడం, ఇవన్నీ కలిపితే ఊరు మారిన ప్రతిసారీ ఒక పగలు పోయినట్టే. వేసవిలో అయితే రాత్రి తొమ్మిదింటి దాకా వెలుగు ఉంటుంది కనుక ఆ నష్టం తెలియదు. అక్టోబరు చివరికి వచ్చేసరికి వియన్నాలో సాయంత్రం ఆరు లోపే సూర్యుడు అస్తమిస్తాడు. నెలలోని చివరి ఆదివారం తెల్లవారుజామున గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి ఆ రోజు నుంచి ఐదు కూడా కాకముందే చీకటి పడుతుంది. ఇలాంటి రోజుల్లో, మొదటిసారి వచ్చిన పెద్దవాళ్లతో, బస రెండు చోట్లకు మించకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

మిగిలిన నాలుగు నగరాలను ఎందుకు వద్దంటున్నానో క్లుప్తంగా చెబుతాను. వెనిస్‌లో నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి, చాలావాటికి మెట్లే దారి. పైగా శరదృతువు నుంచి సముద్రపు పోటుకు వీధుల్లోకి నీళ్లు వచ్చే కాలం మొదలవుతుంది. పారిస్‌కు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నాలుగు గంటల్లో నేరుగా రైలుంది. అయితే ఆ నగరపు మెట్రో పాతది, అన్ని స్టేషన్లలోనూ లిఫ్టులున్న లైను 14వ నంబరు ఒక్కటే. మిగతాచోట్ల మెట్లు దిగి, పొడవైన సొరంగ మార్గాల్లో నడిచి, మళ్లీ మెట్లు ఎక్కాలి. బస్సుల్లో తిరగవచ్చు గాని, అలా తిరగాలంటే పారిస్ ఒక్కదానికే వారం పెట్టుకోవాలి, అది ఇంకో సెలవుల్లో చూసుకోండి. ఆమ్‌స్టర్‌డామ్ కూడా నాలుగు గంటల దూరమే. అక్కడ కాలువల వెంబడి ఉన్న పాత ఇళ్లలో నడిచే చిన్న హోటళ్లకు చాలాచోట్ల లిఫ్టు ఉండదు, మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. గది అద్దె మీద 12.5 శాతం పర్యాటక పన్ను కూడా పడుతుంది. ప్రాగ్ అందమైన ఊరే. కానీ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వెళ్లడానికి ఒక పగలు, రావడానికి ఒక పగలు పోతాయి. కోట చుట్టూ ఎత్తుపల్లాలు, రాళ్లు పరిచిన వీధులు అమ్మగారికి ఇబ్బంది కలిగిస్తాయి.

వియన్నా సంగతి వేరు. ఆ నగరంలోని భూగర్భ రైలు స్టేషన్లన్నింటిలోనూ లిఫ్టులున్నాయి. ట్రాముల్లో చాలావాటికి నేల బాగా కిందికి ఉంటుంది, ప్లాట్‌ఫారం మీద నుంచి అడుగు పెడితే లోపల ఉంటాం. మెట్లున్న పాత ట్రాము ఎదురైతే ఎక్కకండి, తర్వాతి దాని కోసం ఆగండి. స్టాపు దగ్గరి ఎలక్ట్రానిక్ బోర్డులో చక్రాల కుర్చీ గుర్తు కనిపిస్తే వచ్చేది మెట్లు లేని బండి అని అర్థం. ఇరవై నాలుగు గంటల టికెట్ ఒకటి కొనుక్కుంటే ఎన్నిసార్లయినా ఎక్కి దిగవచ్చు. అమ్మగారికి అలసటగా అనిపించిన ప్రతిసారీ ఒక ట్రాము ఎక్కి కిటికీ పక్కన కూర్చోవడమే ఆ ఊరిని చూసే పద్ధతి అనుకోండి. పాత కోటగోడలను పడగొట్టించాలని ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి 1857లో ఆజ్ఞ ఇచ్చాక, ఆ ఖాళీలో వేసిన రింగ్ రోడ్డు వెంటే ఒపేరా, పార్లమెంటు, విశ్వవిద్యాలయం, మ్యూజియాలు వరుసగా వస్తాయి. 1, 2, డి నంబరు ట్రాములు ఆ రోడ్డులో చాలా భాగం వెళ్తాయి కాబట్టి వాటిలో కూర్చుంటే నడవకుండానే సగం నగరం కనబడుతుంది.

మ్యూజియం ఒక్కటే చూడగలిగితే కున్‌స్ట్‌హిస్టోరిషెస్‌కు వెళ్లండి. పీటర్ బ్రూగెల్ 1565లో గీసిన ఋతుచిత్రాల్లో ఈనాటికి మిగిలినవి ఐదు, వాటిలో మూడు అక్కడే ఉన్నాయి. వాటిలో ఒకటి శరత్కాలపుది: ఆకులు రాలిన చెట్ల మధ్య నుంచి కాపరులు పశువులను కొండ మీది మేతల నుంచి ఊరికి తోలుకొస్తుంటారు. ఆ గదిలో కూర్చోవడానికి ఆసనాలున్నాయి. బయట అదే ఋతువు నడుస్తుండగా ఆ చిత్రం ముందు అరగంట కూర్చోవడానికి టికెట్ ఖర్చు ఎంత మాత్రం దండగ కాదు. షోన్‌బ్రున్ రాజభవనానికి యు4 అనే భూగర్భ రైలు వెళ్తుంది. లోపలి గదులకు టికెట్ ఉంది గాని తోటలోకి ప్రవేశం ఉచితం, అక్టోబరులో ఆకుల రంగులు చూడటానికి తోట ఒక్కటే సరిపోతుంది. అక్కడికి దగ్గరలోనే ఉన్న సాంకేతిక మ్యూజియంలో పాత ఇంజన్లు పెట్టారు. అమ్మగారు తోటలో బెంచీ మీద కూర్చుని ఉంటే, నాన్నగారు ఒక పూట అక్కడ గడపవచ్చు.

ఇక మీ నాన్నగారి కోసం తప్పకుండా పెట్టుకోవలసిన ఒక రోజు గురించి కాస్త వివరంగా రాయాలి. వియన్నా నుంచి దక్షిణంగా గ్రాజ్ వైపు వెళ్లే రైళ్లు గ్లాగ్‌నిట్జ్, మ్యూర్‌త్సుష్లాగ్ స్టేషన్ల మధ్య సెమ్మెరింగ్ కొండల మీదుగా వెళ్తాయి. ఈ 41 కిలోమీటర్ల ఘాట్ సెక్షన్‌ను 1848లో మొదలుపెట్టి 1854లో పూర్తి చేశారు. వెనిస్‌లో పుట్టిన కార్ల్ ఫాన్ గేగా అనే ఇంజనీరు దీనికి రూపకల్పన చేశాడు. ఆయన మార్గాన్ని నిర్ణయించేనాటికి ఇంతటి ఎక్కుడును లాగగల ఇంజను ప్రపంచంలో లేదు. అయినా దారి వేస్తూ ఉండగానే, 1851లో, ఇదే కొండ మీద ఇంజన్లకు పోటీ పెట్టారు. ఆ అనుభవం నుంచి ఈ మార్గానికి తగిన ఇంజన్లను తర్వాత తయారు చేసుకున్నారు. 14 సొరంగాలు, 16 పెద్ద వంతెనలు, వాటిలో కొన్ని రెండంతస్తుల రాతి కమానులు. వేలాది కూలీలు చేతి పనిముట్లతోనూ మందుగుండుతోనూ ఈ కొండను తొలిచారు. వారిలో వందలమంది అంటువ్యాధులతో చనిపోయారు. యునెస్కో 1998లో ఈ రైలు మార్గాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వాల్తేరు డివిజన్‌లో గార్డుగా చేసినవారికి కొత్తవలస–కిరండూల్ లైను గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. అరకు దారిలో సొరంగం తర్వాత సొరంగం దాటుతూ సిమిలిగుడ దాకా ఎక్కే బండిలో వెనక బ్రేక్‌వ్యాన్‌లో కూర్చున్న మనిషికి, సెమ్మెరింగ్ వంపుల్లో రైలు ఎందుకు వేగం తగ్గిస్తుందో, ఎక్కుడు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో వెంటనే తెలిసిపోతుంది. సిమిలిగుడ ఎత్తు సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు కాస్త తక్కువ. సెమ్మెరింగ్ స్టేషన్ ఎత్తు సుమారు 900 మీటర్లు. వియన్నా ప్రధాన స్టేషన్‌లో పొద్దున తొమ్మిదీ పదింటి మధ్య ఎక్కి, సుమారు గంటన్నరలో మ్యూర్‌త్సుష్లాగ్‌లో దిగండి. స్టేషన్ దగ్గరే ఈ దక్షిణ రైలు మార్గానికి అంకితమైన మ్యూజియం ఉంది. చలికాలంలో దాన్ని మూసేస్తారు కాబట్టి బయలుదేరే ముందు వేళలు చూసుకోండి. తిరుగు ప్రయాణంలో అన్ని స్టేషన్లలోనూ ఆగే బండి ఎక్కి సెమ్మెరింగ్‌లో దిగితే ప్లాట్‌ఫారం పక్కనే గేగా స్మారకం కనిపిస్తుంది. అక్కడి నుంచి కొండ అంచుకు వెళ్లే కాలిబాట బాగుంటుంది గాని అందులో ఎక్కుళ్లు దిగుళ్లు ఉన్నాయి, అమ్మగారితో వద్దు. ఈ కొండ కిందుగా 27 కిలోమీటర్ల కొత్త సొరంగం తవ్వుతున్నారు, 2030 ప్రాంతంలో అది తెరుచుకుంటే వేగంగా వెళ్లే రైళ్లు దానిలోకి మళ్లుతాయి. పెద్ద రైలులో కూర్చుని పాత వంతెనల మీదుగా వెళ్లే అవకాశం ఇప్పుడైతే మామూలు టికెట్‌తోనే దొరుకుతోంది.

నాలుగో రోజు పొద్దున వియన్నా నుంచి సాల్జ్‌బర్గ్‌కు రెండున్నర గంటల ప్రయాణం. ఈ దారిలో ఓబీబీ అనే ప్రభుత్వ సంస్థ రైళ్లతోపాటు వెస్ట్‌బాన్ అనే ప్రైవేటు సంస్థ రైళ్లు కూడా నడుస్తాయి. ఒకదాని చౌక టికెట్‌తో రెండోదానిలో ఎక్కకూడదు కాబట్టి కొనేటప్పుడు పేరు చూసి కొనండి. సాల్జ్‌బర్గ్ చిన్న ఊరు. స్టేషన్ నుంచి పాత పట్టణానికి కరెంటు తీగల కింద నడిచే ట్రాలీబస్సులు తరచుగా ఉంటాయి. కొండ మీది కోటకు 1892 నుంచి నడుస్తున్న కేబుల్ రైలు ఉంది గాని, పైకి చేరాక కోట లోపల మళ్లీ మెట్లున్నాయి. అమ్మగారికి దానికంటే మోంక్స్‌బెర్గ్ కొండ లోపలి నుంచి పైకి తీసుకెళ్లే లిఫ్టు మంచిది. తలుపు తెరుచుకోగానే ఊరు మొత్తం, నది, ఎదురుగా కోట, అన్నీ కనబడతాయి. ఆ ఊళ్లో వాన ఎక్కువ. రెండో రోజు పొద్దున ఆకాశం తేటగా ఉంటే 150వ నంబరు బస్సెక్కి సాంక్ట్ గిల్గెన్‌కు వెళ్లండి, గంటలోపే సరస్సు ఒడ్డున దిగుతారు. అక్కడి పడవలు అక్టోబరు చివరికల్లా ఆగిపోతాయి. ఫొటోల్లో చూసి హాల్‌స్టాట్ కూడా వెళ్దామని మీకు అనిపించవచ్చు. సాల్జ్‌బర్గ్ నుంచి అక్కడికి బస్సు, రైలు, పడవ మారుతూ వెళ్లడానికే రెండున్నర గంటలు పడుతుంది, తిరిగి రావడానికి అంతే. చిన్న పగలున్న రోజుల్లో దాన్ని పెట్టుకోవద్దు.

తేదీల విషయంలో మీకు స్వేచ్ఛ ఉంటే అక్టోబరు 26కు ముందే తిరిగి వచ్చేలా చూసుకోండి. ఆ రోజు ఆస్ట్రియా జాతీయ దినం, దుకాణాలు మూసేస్తారు, ఆ వెంటనే అక్కడి బడులకు శరత్కాల సెలవులు. రైళ్లు నిండిపోతాయి, గదుల అద్దెలు పెరుగుతాయి. నెల మొదటి రోజుల్లో మ్యూనిక్ అక్టోబర్‌ఫెస్ట్ వల్ల ఆ దారిలో రద్దీ ఉంటుంది, 3వ తేదీ జర్మనీకి సెలవు. కనుక రెండో వారం, మూడో వారం అన్నివిధాలా అనుకూలం. మంగళవారం గాని బుధవారం గాని బయలుదేరితే టికెట్లు చౌకగా దొరికే అవకాశం ఎక్కువ, చాలా మ్యూజియాలు మూసి ఉండే సోమవారం కూడా తప్పిపోతుంది.

డాయిచ్‌లాండ్ టికెట్ గురించి అడిగారు. అది జర్మనీలోని స్థానిక, ప్రాంతీయ బండ్లకే చెల్లుతుంది. ఐసీఈ, ఐసీ, ఈసీ అనే దూరప్రాంత రైళ్లలో చెల్లదు. ప్రాంతీయ రైళ్లలో సాల్జ్‌బర్గ్ ప్రధాన స్టేషన్ దాకా వెళ్లవచ్చన్నది నిజమే, కాని ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి అలా వెళ్లాలంటే పలుమార్లు బండి మారుతూ రోజంతా ప్రయాణించాలి. టికెట్ మీ ఒక్కరిదే, అమ్మానాన్నలిద్దరికీ మళ్లీ వేరుగా కొనాలి. ఈ ప్రయాణానికి దాన్ని మరిచిపోయి, ముగ్గురికీ కలిపి ఐసీఈ చౌక టికెట్లు వీలైనంత ముందుగా తీసుకోండి. అమ్మానాన్నలకు 65 ఏళ్లు దాటి ఉంటే సీనియర్ల టికెట్ల ధర కూడా పోల్చి చూడండి. జర్మనీ, ఆస్ట్రియా రైళ్లలో సీటు రిజర్వేషన్ సాధారణంగా తప్పనిసరి కాదు, టికెట్‌తోపాటు తనంతట తాను రాదు. కొన్ని యూరోలు అదనంగా కట్టి తప్పక చేయించండి. మన దగ్గరిలా టికెట్ ఉంటే బెర్తు ఉన్నట్టేనని పెద్దవాళ్లు అనుకుంటారు, ఇక్కడ రిజర్వేషన్ లేకపోతే నిలబడవలసి రావచ్చు.

ఫ్రాంక్‌ఫర్ట్–వియన్నా నేరు రైలుకు మామూలుగా ఆరున్నర గంటలు. నురెంబెర్గ్, రెగెన్స్‌బర్గ్, పస్సావ్, లింజ్ మీదుగా వెళ్తుంది. అయితే జర్మనీలో ముఖ్యమైన రైలు మార్గాలను ఒక్కొక్కటిగా నెలల తరబడి పూర్తిగా మూసి మరమ్మతు చేసే కార్యక్రమం 2024 నుంచి నడుస్తోంది, పస్సావ్ దారి కూడా అందులో ఉంది. మళ్లించిన రైలుకు ఎక్కువ సమయం పడుతుంది. అందుకే హోటల్ బుక్ చేయకముందే మీరు వెళ్లే తేదీకి టైంటేబుల్‌లో ఏ దారి చూపిస్తోందో చూసుకోండి. మ్యూనిక్ మీదుగా వెళ్లడమే సులువని తేలితే వెళ్లేటప్పుడే సాల్జ్‌బర్గ్‌లో ఆగి, వచ్చేటప్పుడు వియన్నా నుంచి బయలుదేరవచ్చు. ఆలస్యాలకు కూడా సిద్ధంగా ఉండాలి: 2024లో జర్మనీ దూరప్రాంత రైళ్లలో వేళకు చేరినవి 62.5 శాతమే. బండి మారవలసిన చోట కనీసం అరగంట ఎడం పెట్టుకోండి, మొత్తం ప్రయాణాన్ని ఒకే టికెట్‌గా కొనండి. అలా కొంటే మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోయినా తర్వాతి రైలులో వెళ్లే హక్కు ఉంటుంది. గమ్యానికి గంట ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలైతే 50 శాతం తిరిగి కోరవచ్చు. స్టేషన్లలో కూలీలు దొరకరు. పెద్ద సూట్‌కేసులు ఫ్రాంక్‌ఫర్ట్ ఇంట్లోనే వదిలి, మనిషికి ఒక చిన్న సంచి చాలనుకోండి. అమ్మగారికి ఎక్కడానికి, దిగడానికి సాయం కావాలంటే రెండు దేశాల రైల్వేలూ మనిషిని పంపుతాయి, ఒకటి రెండు రోజుల ముందు చెప్పాలి.

భోజనం విషయంలో ఒక జాగ్రత్త చాలా అవసరం. ఆస్ట్రియాలో కూరగాయల సూప్ అని రాసినా మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు కొన్నిచోట్ల, కనుక ప్రతిసారీ అడగండి. గుడ్డు కూడా తినకపోతే తీపి పదార్థాల్లో చాలావాటిని అడిగే తినాలి. వియన్నాలో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే బియ్యం, పెరుగు, కూరగాయలు కొనుక్కుని పొద్దున, రాత్రి ఇంట్లోనే వండుకోవచ్చు. నాష్‌మార్క్ట్ అనే బజారు చుట్టుపక్కల ఆసియా సరుకుల దుకాణాలున్నాయి. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసి ఉంటాయి, పెద్ద స్టేషన్లలో ఉన్నవి మాత్రం తెరుస్తారు. అపార్ట్‌మెంట్ ఎంత చౌకగా దొరికినా, లిఫ్టు ఉందని, గుమ్మం దగ్గర మెట్లు లేవని యజమాని రాతపూర్వకంగా చెప్పాకే డబ్బు కట్టండి. వియన్నా పాత భవనాల్లో లిఫ్టు దాకా చేరడానికే ఆరేడు మెట్లు ఎక్కవలసి రావడం మామూలే. ప్రధాన స్టేషన్ దగ్గర గాని యు1 లైను మీద గాని ఉంటే తిరగడం తేలిక.

ఆరున్నర గంటలు కూర్చోవడమే అమ్మగారికి కష్టమని వారు వచ్చాక మీకు తోస్తే, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్, స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జంట మంచిది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి స్ట్రాస్‌బర్గ్ రెండు గంటల లోపే, అక్కడి నుంచి బాసెల్ గంటంబావు, బాసెల్ నుంచి ఇంటికి మూడు గంటలు. స్ట్రాస్‌బర్గ్‌లో ట్రాములున్నాయి, 142 మీటర్ల ఎత్తున్న చర్చి ఉంది, మధ్యలో దిగడానికి కోల్మార్ అనే ఊరు ఉంది. బాసెల్‌లో హోటల్‌లో బస చేసినవారికి నగర రవాణా ఉచితం. అక్టోబరు చివర వెళ్తే 1471 నుంచి సాగుతున్న శరత్కాల తిరునాళ్లు కూడా చూడవచ్చు. స్విట్జర్లాండ్‌లో ఖర్చు మాత్రం ఎక్కువ, అక్కడ ఒక రాత్రి చాలు.

జర్మనీ షెంగెన్ వీసాతో వచ్చిన మీ తల్లిదండ్రులు ఆస్ట్రియాకు గాని స్విట్జర్లాండ్‌కు గాని వెళ్లడానికి వేరే వీసా అక్కర్లేదు. కానీ ఆస్ట్రియా నుంచి జర్మనీకి వచ్చే రైళ్లలో సరిహద్దు పోలీసులు ఎక్కి కాగితాలు అడుగుతుంటారు. వారిద్దరి పాస్‌పోర్టులు, ప్రయాణ బీమా పత్రాలు, మీ పాస్‌పోర్టు, రెసిడెన్స్ పర్మిట్ కార్డు అసలువే వెంట ఉండాలి, ఫోన్‌లోని ఫొటోలు చాలవు. వాటన్నింటినీ ఒకే సంచిలో పెట్టి ఆ సంచిని మీ దగ్గరే ఉంచుకోండి. సాల్జ్‌బర్గ్ దాటగానే, అమ్మగారిని సీట్లోంచి లేపవలసిన పని లేకుండా, మీరే తీసి చూపించవచ్చు.